ఈ పాత అమెరికా టీవీ దెయ్యం సినిమాలకి పిల్లలు అంతలా ఎలా జడుసుకున్నారు?

సెకండ్‌షో_శీను
మా ఆఫీసులో ఒక ఒహాయో పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డాడు. లంచ్‌లో హారర్ మాట వస్తే చాలు, థియేటర్‌లో ఆడినవేవీ ఆయన లెక్కలోకి రావు, 1973లో టీవీలో వేసిన 'డోంట్ బీ అఫ్రైడ్ ఆఫ్ ద డార్క్' అంటాడు. అది చూశాక చాన్నాళ్ళు లైటు వేసుకునే పడుకున్నాడట. సరే అదేంటో చూద్దామని పెట్టుకున్నా. 74 నిమిషాలు. పెద్ద పాత ఇల్లు, ఇటుకలతో మూసేసిన ఫైర్‌ప్లేస్, అది తెరిస్తే అందులోంచి మూడు బుల్లి దెయ్యాలు బయటికొస్తాయి. ఒంటినిండా బొచ్చు, ఎండు ఖర్జూరం లాంటి మొహాలు. "శాలీ... శాలీ..." అని గుసగుసలు. అంతే సంగతి. మా ఎనిమిదేళ్ళదానికి చూపిస్తే "నాన్నా, మనమూ ఒకటి పెంచుకుందాం" అంది.

నెట్‌లో చూస్తే ఇలా భయపడ్డవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఇప్పుడు అరవైల్లో ఉన్నవాళ్ళు కూడా ఇంకా తలుచుకుంటున్నారు. నాకు అర్థం కానిదల్లా ఒకటే, ఇందులో భయపడటానికి ఏముంది?

లైట్లార్పేయ్
దేంట్లో చూశావ్? ఎప్పుడు?

సెకండ్‌షో_శీను
లాప్‌టాప్‌లో. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక. అయితే ఏంటి, మంచి సినిమా అయితే పట్టపగలైనా భయపెట్టాలిగా.

లైట్లార్పేయ్
ఆవలిస్తూ చూసి దెయ్యాన్ని తిడుతున్నావ్ బ్రో 😀

వీసీఆర్_వెంకట్
ఆ సినిమాల్ని చూసిన పద్ధతి వేరు శీనూ. ఏబీసీ ఛానల్ 1969లో 'మూవీ ఆఫ్ ది వీక్' అని మొదలుపెట్టింది, వారానికో కొత్త సినిమా, కేవలం టీవీ కోసం తీసింది. గంటన్నర స్లాటు, యాడ్‌లు పోగా డెబ్బై చిల్లర నిమిషాలు సినిమా. మొదట మంగళవారాలు, తర్వాత బుధవారాలు కూడా. 1975 దాకా నడిచింది. అప్పటికి ఇళ్ళలో వీసీఆర్‌లు లేవు. వేసినప్పుడు చూస్తే చూసినట్టు, మళ్ళీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలీదు. భయపడ్డ పిల్లాడు తెల్లారి మళ్ళీ పెట్టుకుని "ఓస్ ఇంతేనా, రబ్బరు మొహం" అనుకునే వీలే లేదు. బుర్రలో మిగిలింది బుర్రలోనే పెరుగుతుంది. నువ్వు చూసింది సినిమాని, మీ పెద్దాయన చెప్పేది ఇన్నేళ్ళుగా ఆయన బుర్రలో ఆడుతున్న దాని గురించి. రెండూ ఒకటి కాదు.

సెకండ్‌షో_శీను
అయితే సినిమా గొప్పదనం కాదు, వీసీఆర్ లేకపోవడం గొప్పదనం అన్నమాట.

కూకట్‌పల్లి_కొల్చాక్
వెంకట్ చెప్పింది సగమే. వీసీఆర్ లేని రోజుల్లో టీవీలో వేసిన చెత్త ఇంకా చాలా ఉంది, అవన్నీ ఎవరికి గుర్తున్నాయి? కొన్నే ఎందుకు మిగిలాయి అంటే రాసినవాడి వల్ల. రిచర్డ్ మాథీసన్ అనే మనిషి పేరు రాసుకోండి. 1971లో 'డ్యూయెల్', 1972లో 'ద నైట్ స్టాకర్', 1975లో 'ట్రిలజీ ఆఫ్ టెర్రర్' లోని బొమ్మ కథ, అన్నిటికీ స్క్రిప్టు రాసింది ఆయనే. చివరి రెండిటి వెనక నిర్మాత డాన్ కర్టిస్. నైట్ స్టాకర్ వేసిన రాత్రి అప్పటిదాకా ఏ టీవీ సినిమాకీ రానంత రేటింగ్ వచ్చింది. లాస్ వెగాస్‌లో రక్తం పీల్చేవాడు తిరుగుతుంటాడు, మాసిన సూటు వేసుకున్న కొల్చాక్ అనే రిపోర్టర్ తప్ప ఎవరూ నమ్మరు. ఎక్స్ ఫైల్స్ తీసిన క్రిస్ కార్టర్ దీన్ని చూసే ఇన్‌స్పైర్ అయ్యానని చెప్పుకున్నాడు, కొల్చాక్ వేసిన డారెన్ మెక్‌గావిన్‌ని తన సిరీస్‌లోకి తెచ్చుకున్నాడు కూడా.

గుంటూరు_కారమ్మ
డ్యూయెల్ హారర్ ఎట్లా అవుతుందండీ? లారీ వాడు కారు వెంటపడతాడు. అంతమాత్రానికి అయితే విజయవాడ హైవే మీద రోజూ రాత్రి హారరే.

కూకట్‌పల్లి_కొల్చాక్
ఆ లారీ వాడి మొహం సినిమా మొత్తంలో చూపించడు మేడమ్. బూట్లు, చెయ్యి, అంతే. ఎందుకు చంపాలనుకుంటున్నాడో చివరిదాకా చెప్పడు. దెయ్యానికైనా ఒక కారణం ఉంటుంది, వీడికి అదీ లేదు. తీసింది పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు స్పీల్‌బర్గ్. టీవీకి 74 నిమిషాలు తీసి, బయటి దేశాల్లో థియేటర్లకి ఇవ్వడానికి మరికొన్ని సీన్లు కలిపి గంటన్నర చేశారు.

డెట్రాయిట్_బుజ్జి
శీనూ, మీ ఆఫీసు పెద్దాయన బ్యాచే నేనూ. మా నాన్న డాక్టరు, డెట్రాయిట్‌లో ఉద్యోగం వస్తే 1971లో మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆ సినిమా వేసిన రోజు నాకు ఇంకా గుర్తు, అక్టోబర్, బయట చలి మొదలైంది, నాన్నకి నైట్ డ్యూటీ. అమ్మకి అప్పటికి ఇంగ్లీషు సరిగ్గా రాదు, టీవీలో ఏదో సంసారం సినిమా వస్తోంది అనుకుంది, నిజానికి మొదటి అరగంట అలాగే ఉంటుంది కూడా. మొగుడు, పెళ్ళాం, అమ్మమ్మ నుంచి వచ్చిన ఇల్లు, మొగుడికి ప్రమోషన్ గోల. అమ్మ సోఫాలోనే నిద్రపోయింది. నేనూ తమ్ముడూ మిగిలాం.

మీరు మూడు బుల్లి దెయ్యాలు అని తేల్చేశారు కానీ అవి చేసే పనులు గమనించారా? ఇంట్లో పార్టీ జరుగుతుంటే భోజనాల బల్ల కింద నుంచి ఆమె ఒళ్ళో నాప్‌కిన్ లాగుతాయి. బాత్రూమ్‌లో లైటు తీసేస్తాయి. మెట్ల మీద తాడు కడతాయి, ఆమె కోసం కట్టిన తాడుకి వేరే మనిషి తగిలి చచ్చిపోతాడు. బల్ల కింద, మంచం కింద, మెట్ల కింద, పిల్లలు ఎక్కడెక్కడ భయపడతారో అక్కడే ఉంటాయి. ఆమె చెప్తే మొగుడు నమ్మడు. పనివాడికి అంతా తెలుసు, చెప్పడు. పెద్దవాళ్ళకి చెప్తే నమ్మకపోవడం అనేది పిల్లలకి ఎంత బాగా తెలిసిన విషయమో చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం ఆ ముగింపు. ఆమెని లాక్కుపోతాయి. మొగుడు వచ్చేసరికి అయిపోతుంది. ఆ తర్వాత ఫైర్‌ప్లేస్ లోపలి నుంచి గుసగుసలు, వాటిల్లో ఆమె గొంతు కూడా కలిసి వినిపిస్తుంది. నేను ఇండియాలో చూసిందంతా విఠలాచార్య. దెయ్యం ఎంత ఎగిరినా ఆఖరి రీల్లో కత్తి తిప్పి రాకుమారుడు తేల్చేస్తాడు, శుభం కార్డు పడుతుంది. దెయ్యం గెలిచేసి సినిమా అయిపోవడం ఏంటో నాకు అర్థం కాలేదు, రెండో భాగం వచ్చే వారం వేస్తారేమో అనుకున్నా. వెయ్యలేదు.

మా అద్దె ఇంట్లోనూ ఫైర్‌ప్లేస్ ఉండేది. అమ్మ దాని పైన గట్టు మీదే దేవుడి పటాలు పెట్టుకుంది, దీపం అక్కడే. చాలారోజులు నేను దణ్ణం పెట్టుకునేదాన్ని గానీ కళ్ళు మూసుకునేదాన్ని కాదు. తమ్ముడికి జ్వరం వచ్చింది, అమ్మ దిష్టి తీసింది, దేనికి తీస్తోందో ఆవిడకి తెలీదు.

లైట్లార్పేయ్
"కళ్ళు మూసుకునేదాన్ని కాదు" 😂 బుజ్జి గారూ సూపర్

సెకండ్‌షో_శీను
ముగింపు సంగతి ఒప్పుకోవచ్చు, అది కొంచెం తేడాగానే ఉంది. కానీ బుజ్జి గారూ, మీరు చెప్పేదాంట్లో సగం మీ ఇల్లు, మీ అమ్మగారి నిద్ర, చలి. సినిమా ఏది?

డెట్రాయిట్_బుజ్జి
అదేగా నేను చెప్పేది. టీవీ సినిమా థియేటర్‌లో ఉండదు, ఇంట్లోనే ఉంటుంది. థియేటర్ నుంచి బయటికొచ్చి ఆటో ఎక్కేస్తే దెయ్యం అక్కడే ఉండిపోతుంది. ఇది అయిపోయాక టీవీ కట్టేసి అదే హాల్లోంచి చీకట్లో మేడ మెట్లెక్కాలి.

కొలంబస్_కోడలు
మా ఆయన అమెరికాలోనే పుట్టి పెరిగాడు, తనకి 'సేలమ్స్ లాట్'. 1979 నవంబర్‌లో సీబీఎస్‌లో రెండు భాగాలుగా వేశారు, వారం గ్యాప్‌తో. టోబీ హూపర్ తీశాడు. అందులో చనిపోయిన పిల్లాడు రాత్రి పొగమంచులో తేలుతూ వచ్చి, మేడమీద కిటికీ అద్దాన్ని గోళ్ళతో గీకుతూ తలుపు తియ్యమని నవ్వుతుంటాడు. ఇప్పటికీ మా ఇంట్లో చీకటి పడగానే కర్టెన్లు వేసే డ్యూటీ ఆయనది. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్, యాభై దాటాయి.

శీను గారూ, ఇది మాత్రం మధ్యాహ్నం చూసినా పని చేస్తుంది, నేను చూశా.

వీసీఆర్_వెంకట్
ఆ పిల్లాడిని తీగలకి వేలాడదియ్యలేదు, క్రేన్ చేతికి బిగించి తీశారు. పైగా ఆ షాట్ వెనక్కి తీసి తిరగేసి వేశారు, అందుకే ఆ పొగ, ఆ కదలిక ఏదోలా ఉంటాయి. చూస్తుంటే తప్పు ఎక్కడుందో తెలీదు కానీ ఏదో తేడాగా ఉందని ఒళ్ళు చెప్తుంది.

గుంటూరు_కారమ్మ
వాడు లోపలికి రావాలంటే ఇంట్లోవాళ్ళు తలుపు తియ్యాలి, పిలవాలి. దీనికి మన దగ్గర ఎప్పుడో మందు కనిపెట్టారు. గోడ మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తే సరి.

లైట్లార్పేయ్
ఇంగ్లీషులో రాయాలి కారమ్మా, వాడికి తెలుగు రాదు

గుంటూరు_కారమ్మ
ఊళ్ళో తిరిగిన ఆవిడకి మాత్రం చదువొచ్చని ఎవరు చెప్పారు.

పాత_పెట్టె
మన దగ్గర కూడా ఇవి ఉన్నాయి కదా, ఎవరూ మాట్లాడరేం? జీ హారర్ షో, 1993లో మొదలైంది, రామ్సే బ్రదర్స్‌ది. ఆ టైటిల్ మ్యూజిక్‌కే దుప్పట్లోకి దూరేవాళ్ళం. ఈటీవీలో అన్వేషిత. ఇంకా 1998లో జీలో 'వో' అని వచ్చింది, జోకర్‌గా లిల్లీపుట్ చేశాడు. అది 1990లో ఏబీసీలో రెండు రాత్రులు వేసిన 'ఇట్' కథే. అక్కడి పిల్లల్ని టిమ్ కర్రీ భయపెడితే ఇక్కడ మమ్మల్ని లిల్లీపుట్.

అడ్మిన్_అరుగు
మన సీరియళ్ళకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ అన్వేషిత మీద యుద్ధం నడుస్తోంది, దయచేసి అటు వెళ్ళండి. ఇక్కడ టీవీ కోసం తీసిన సినిమాలు మాత్రమే.

పాత_పెట్టె
ఒక్క మాట అన్నాను సార్.

లీడ్స్_లలిత
అమెరికా వాళ్ళ సంగతి అలా ఉంచండి, ఇంగ్లండ్‌లో పెరిగినవాళ్ళని ఒక్క మాట అడగండి, 'గోస్ట్‌వాచ్'. 1992 అక్టోబర్ 31, హాలోవీన్ రాత్రి, బీబీసీ వన్. నాకప్పుడు పదేళ్ళు. దెయ్యం ఉందంటున్న ఒక మామూలు ఇంట్లోంచి లైవ్ ప్రోగ్రామ్ అన్నట్టు వేశారు. నిజానికి అంతా ముందే తీసిపెట్టిన నాటకం, స్టీఫెన్ వోల్క్ రాశాడు, ఆయన పేరు మొదట్లో వేశారు కూడా. కానీ స్టూడియోలో కూర్చున్నది మైకేల్ పార్కిన్సన్, అంత పేరున్న ఇంటర్వ్యూల పెద్దమనిషి. ఇంట్లోకి వెళ్ళింది సారా గ్రీన్, శనివారం పొద్దున పిల్లల ప్రోగ్రామ్‌లో మేం చూసే అక్క. ఫోన్ల దగ్గర కూర్చున్న మైక్ స్మిత్ నిజజీవితంలో ఆవిడ భర్త. తెరమీద ఒక ఫోన్ నంబర్, అది ఆ పిల్లల ప్రోగ్రామ్‌లో మేం వారం వారం చూసిన నంబరే. ఫోన్ చేసి కలిస్తే ఇది కల్పితం అనే మాట వినిపిస్తుంది, కానీ అందరూ ఒకేసారి చేస్తే ఎంతమందికి కలుస్తుంది?

దెయ్యం పేరు పైప్స్. పిల్లలు భయపడితే గోడల్లో పైపుల చప్పుడు అని తల్లి సర్దిచెప్పింది కాబట్టి ఆ పేరు. కొన్ని షాట్లలో కర్టెన్ దగ్గర ఒక్క క్షణం నిలబడి ఉంటుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇంట్లో మా అన్నయ్య "చూశావా" అన్నాడు, నేను చూడలేదు, నాన్న చూశారు. ముగ్గురం మూడు రకాలుగా. చివర్లో సారా మెట్ల కింద అల్మారాలోకి వెళ్తుంది, తలుపు మూసుకుంటుంది. మాకు తెలిసిన మనిషి! నటి కాదు! పార్కిన్సన్ ఒక్కడే చీకటి స్టూడియోలో పిల్లల పాట ఏదో వేరే గొంతుతో గొణుగుతుంటాడు, అయిపోతుంది.

బీబీసీ దాన్ని ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

సెకండ్‌షో_శీను
ఇది సినిమా కాదుగా, మోసం.

లీడ్స్_లలిత
నాటకాల స్లాటులోనే వేశారు, నటీనటుల పేర్లూ వేశారు. చూసుకోకపోవడం మా తప్పా వాళ్ళ తప్పా అని అప్పట్నుంచీ కొట్టుకుంటున్నారు. నాకైతే పెద్దవాళ్ళకి తప్పులేదు గానీ పిల్లలకి తెలిసిన మనుషుల్నే ఎరగా వాడటం మాత్రం అన్యాయం అనిపిస్తుంది. అదే సమయంలో, అంత బాగా తీసినది ఇంకోటి నేను చూడలేదు. రెండూ నిజమే.

కూకట్‌పల్లి_కొల్చాక్
పిల్లలకి మానసిక జబ్బులొచ్చాయని మెడికల్ జర్నల్‌లో కూడా వచ్చింది కదా?

తెల్లకోటు_తేజ
వచ్చింది, కానీ అది చిలవలు పలవలు అయిపోయింది. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు పదేళ్ళ అబ్బాయిల కేసులు రాశారు, టీవీ ప్రోగ్రామ్ వల్ల పీటీఎస్‌డీ, అంటే బాగా భయపడ్డాక వదలకుండా వెంటాడే మానసిక సమస్య, వచ్చిందని. ఇద్దరు. దేశం మొత్తం పిల్లలకి పిచ్చెక్కింది అని కాదు. కోటిమందికి పైగా చూశారు దాన్ని.

డెట్రాయిట్_బుజ్జి
తేజ గారూ, మా తమ్ముడి జ్వరం ఏ జర్నల్లోనూ రాలేదు కదండీ.

తెల్లకోటు_తేజ
అక్టోబర్‌లో పిల్లలకి జ్వరం రావడానికి దెయ్యం అక్కర్లేదు అక్కా 🙂

మంచంకింద_మల్లి
ఎవరైనా ఇది ఏ సినిమానో చెప్తారా? మా అత్తగారి చెల్లెలు షికాగోలో ఉంటుంది, ఆవిడ చిన్నప్పుడు చూసిందట. ఒక ఇంట్లోకి కొత్తగా ఒక కుటుంబం దిగుతుంది, ఆడపిల్లలు ఉంటారు, గోడ వెనక ఒకడు దాక్కుని వాళ్ళని చూస్తూ ఉంటాడు, వంటింట్లో తిండి మాయం అవుతూ ఉంటుంది. దెయ్యం కాదు మనిషే. పేరు గుర్తులేదంటుంది, గోడకి కన్నం మాత్రం గుర్తుందట.

వీసీఆర్_వెంకట్
'బ్యాడ్ రోనాల్డ్', 1974. రోనాల్డ్ అనే కుర్రాడి చేతిలో అనుకోకుండా ఒక పిల్ల చనిపోతుంది, తల్లి వాడిని దాచడానికి ఇంట్లో ఒక గదికి తలుపు లేకుండా గోడ కట్టించేస్తుంది... కట్టించడం కాదు, వాళ్ళిద్దరే కట్టేస్తారు. ఆ తర్వాత ఆవిడ ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాదు. ఇల్లు అమ్ముడుపోతుంది. వాడు లోపలే.

మంచంకింద_మల్లి
అదే అదే! థాంక్సండీ. ఆవిడకి చెప్తే ఫోన్‌లోనే "వద్దు వద్దు లింకు పంపకు" అంది.

గుంటూరు_కారమ్మ
అద్దె ఇళ్ళు మారిన ప్రతివాళ్ళూ చూడాల్సిన సినిమా. ఓనర్ గారు ఒక గది తాళం వేసి "అందులో మా సామాన్లు ఉన్నాయి" అంటాడు చూడండి.

సెకండ్‌షో_శీను
నిన్న రాత్రి ట్రిలజీ ఆఫ్ టెర్రర్ చూశా, కొల్చాక్ పోరు పడలేక. మొదటి రెండు కథలు నిద్ర. మూడోది ఒకే అపార్ట్‌మెంటు, ఒకే ఆడమనిషి, ఒక చెక్కబొమ్మ. కారెన్ బ్లాక్ ఒక్కతే అంతా మోసింది. బొమ్మకి బంగారు గొలుసు ఉంటుంది, అది ఊడిపోతే ప్రాణం వస్తుంది. కత్తి పట్టుకుని సోఫా కింద నుంచి కాళ్ళ మీదికి వస్తుంది. బాగుంది, ఒప్పుకుంటా, పరుగు బాగుంది. కానీ భయం? నాకు రాలేదు. కెమెరా నేలకి ఆనించి పెడితే ఏదైనా అలాగే ఉంటుంది.

కూకట్‌పల్లి_కొల్చాక్
ఆఖరి షాటు?

సెకండ్‌షో_శీను
అది... ఆ పళ్ళు కొంచెం ఎక్కువే.

లైట్లార్పేయ్
దొరికాడు దొరికాడు

కొలంబస్_కోడలు
ఆ బొమ్మ గురించి ఒకటి చెప్పాలి. దాన్ని జూనీ బొమ్మ అంటారు సినిమాలో. జూనీలు న్యూ మెక్సికోలో ఇప్పటికీ ఉన్న నిజమైన మనుషులు. వాళ్ళు చెక్కే ఫెటిష్‌లు అరచేతిలో పట్టే రాతి జంతువులు, ఎలుగుబంటి, తోడేలు లాంటివి, ఎంత అందంగా ఉంటాయో. పళ్ళూ కత్తీ ఉన్న ఈ బొమ్మకీ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. రేపు ఎవడో మన ఏటికొప్పాక బొమ్మకి కోరలు పెట్టి "ప్రాచీన ఆంధ్ర క్షుద్రబొమ్మ" అంటే ఊరుకుంటామా? భయపడండి, తప్పులేదు, కానీ ఆ పేరు మాత్రం నాకు గుచ్చుకుంటుంది.

కూకట్‌పల్లి_కొల్చాక్
అప్పట్లో అందరూ అలాగే తీశారు కోడలు గారూ, ఈ కాలం తూకం పెట్టి అప్పటిది కొలిస్తే ఒక్కటీ మిగలదు.

కొలంబస్_కోడలు
మిగలకూడదని ఎవరన్నారు, తెలుసుకుని చూడమన్నాను. అప్పుడు కూడా జూనీలు అమెరికాలోనే ఉన్నారు, వాళ్ళ ఇళ్ళలోనూ టీవీలు ఉన్నాయి.

పాత_పెట్టె
మాకు బొమ్మల కొలువు ఉంది ఈసారి, ఈ చర్చ దసరా అయ్యాక పెట్టుకోవాల్సింది.

వీసీఆర్_వెంకట్
ఇంకో విషయం ఎవరూ అనలేదు. టీవీలో రక్తం చూపించనిచ్చేవాళ్ళు కాదు. నెట్‌వర్క్‌లో సెన్సార్ డిపార్ట్‌మెంట్ ఉండేది, కత్తి దిగడం చూపిస్తే కత్తిరించేవాళ్ళు. పైగా పదిహేను నిమిషాలకోసారి యాడ్, కాబట్టి ప్రతి ముక్క చివరా జనం ఛానల్ మార్చకుండా ఏదో ఒక జర్క్ పెట్టాలి. అంటే రక్తం లేకుండా, డబ్బులు లేకుండా, వారం రెండు వారాల షూటింగ్‌లో భయపెట్టాలి. మిగిలింది నీడ, చప్పుడు, తలుపు. అందుకే ఇవి పిల్లలకి తగిలాయి అనుకుంటా, పిల్లల భయాలు కూడా అంతేగా.

సెకండ్‌షో_శీను
డబ్బుల్లేక అయిన పనిని గొప్ప కళ అనకు వెంకటా. 'గార్గోయిల్స్' చూశా, రబ్బరు సూట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

వీసీఆర్_వెంకట్
ఆ రబ్బరు సూట్లకి ఎమ్మీ అవార్డు వచ్చింది బాబూ. చేసినవాళ్ళలో ఒకడు స్టాన్ విన్‌స్టన్, తర్వాత జురాసిక్ పార్క్‌కి మరబొమ్మ డైనోసార్లు చేసింది ఆయనే.

లీడ్స్_లలిత
డబ్బుల్లేకుండా అంటే 'ద ఉమన్ ఇన్ బ్లాక్' చూడండి, 1989లో క్రిస్మస్ ముందురోజు రాత్రి ఐటీవీలో వేసింది. 2012లో వచ్చిన పెద్ద సినిమా కాదు. నల్లబట్టల ఆవిడ దూరంగా నిలబడి ఉంటుంది, అంతే, మధ్యాహ్నం వెలుతురులో. శీనుకి కావాల్సింది అదే, పట్టపగలు దెయ్యం. తర్వాత మంచం సీన్ ఒకటి ఉంది, దాని గురించి చెప్పను. ఒక తమాషా, ఇందులో హీరో వేసిన ఏడ్రియన్ రాలిన్స్ తర్వాత హ్యారీ పాటర్‌కి నాన్నగా వేశాడు, 2012 దాంట్లో అదే పాత్ర హ్యారీ పాటరే వేశాడు.

మంచంకింద_మల్లి
తండ్రి బాకీ కొడుకు తీర్చాడన్నమాట.

డెట్రాయిట్_బుజ్జి
'డార్క్ నైట్ ఆఫ్ ద స్కేర్‌క్రో' కూడా కలపండి, 1981, సీబీఎస్. అప్పటికి నేను కాలేజీ వయసు, అయినా పొలంలో ఆ దిష్టిబొమ్మ నిలబడ్డ తీరు చూసి లేచి లైటు వేశా. ఇందులో దెయ్యం కంటే ఊళ్ళో మనుషులే ఎక్కువ భయపెడతారు, ముఖ్యంగా ఆ పోస్టుమాన్. అమాయకుడిని చంపి కోర్టులో బయటపడిపోతారు, ఆ తర్వాత ఒక్కొక్కళ్ళ పొలంలో దిష్టిబొమ్మ కనిపించడం మొదలవుతుంది. ఇది మాత్రం న్యాయం జరిగే సినిమా, విఠలాచార్య గారు ఒప్పుకుంటారు.

సెకండ్‌షో_శీను
సరే. మా పెద్దాయనకి బుజ్జి గారి పోస్టు ఇంగ్లీషులో చెప్పా. ఫైర్‌ప్లేస్ మీద దేవుడి పటాల దగ్గర పడీ పడీ నవ్వాడు, మా ఇంట్లో ఆ ఐడియా వచ్చుంటే బాగుండేది అన్నాడు. ఈ శుక్రవారం రాత్రి సేలమ్స్ లాట్ పెడుతున్నా, లైట్లు తీసేసి, పెద్ద టీవీలో. ఎవరూ ఏమీ అనడానికి లేదు ఇక.

కొలంబస్_కోడలు
థియేటర్ల కోసం కుదించిన వెర్షన్ ఒకటుంది, రెండు గంటల్లోపు, అది పెట్టకండి. టీవీలో వేసిన మూడు గంటలదే చూడండి. కిటికీ కర్టెన్ తీసి ఉంచండి.

సెకండ్‌షో_శీను
కర్టెన్ ఎందుకు తియ్యాలి?

గుంటూరు_కారమ్మ
మీరు ఏ ఫ్లోర్‌లో ఉంటారు?

సెకండ్‌షో_శీను
రెండో ఫ్లోర్.

గుంటూరు_కారమ్మ
సరిపోతుంది.